ఆరో అధ్యాయంలో ఒక వ్యక్తి

జూన్ 4

ఆరో అధ్యాయంలోంచి నన్ను తీసేశాడు.

ఇవాళ పదింటికి మా ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచాను. పుస్తకమంతా తన అకౌంట్‌లోనే ఉంది. ఎనిమిది అధ్యాయాలు. ఆరోది ప్రొసీజర్లకి పారామీటర్లు అందించడం గురించి, అంటే ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్కకి కావలసిన అంకెలు ఇవ్వడం. ఏ ప్రోగ్రామింగ్ భాష ఏ పద్ధతిలో ఇస్తుంది, పుచ్చుకున్నది దాన్ని మారిస్తే ఇచ్చినదానికి ఏమవుతుంది. కాలేజీలో ఇరవై రెండేళ్ళు తను చెప్పిన పాఠమే. పిల్లల బుర్రకెక్కదని ప్రతి పద్ధతికీ మా ఇంట్లోంచి ఒక ఉదాహరణ తీసింది. పేజీకొకసారైనా 'మావారు' అని ఉండేది. 'మావారికి ఇంటి తాళంచెవి ఇచ్చి వెళ్ళాను. వచ్చేసరికి మంచం కిటికీ కిందికి చేరింది.' అలాంటివి.

ఇవాళ అక్కడ 'ఒక వ్యక్తికి ఇంటి తాళంచెవి ఇచ్చి వెళ్ళామనుకోండి' అని ఉంది.

'మావారు' అని వెతికించాను. ఒక్కటీ లేదు. 'ఒక వ్యక్తి' అని వెతికించాను. ముప్పై ఒక్క చోట్ల ఉంది.

ఇది బావమరిది పని. వాడూ ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతాడు. పుస్తకం తను పూర్తిచేయలేకపోతే తమ్ముడు పూర్తిచేస్తాడని తనే పబ్లిషర్‌కి రాసిచ్చింది. తను పోయిన నెలకి, మేలో, ఫైలు పంపమన్నాడు. లింకు పంపాను, దిద్దే అనుమతితో సహా. కాపీ తీసి పంపాలని తోచలేదు. ముప్పై మూడేళ్ళుగా ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాములు రాస్తున్నవాణ్ణి. అందులో ఏదిచ్చినా దాని చిరునామానే ఇస్తాం. పుచ్చుకున్నది దిద్దితే అసలుదే దిద్దుకుపోతుంది. కాపీ ఇచ్చే అలవాటు నాకు లేదు. తనకుండేది. గ్యాస్ బుక్కుకి కూడా జిరాక్స్ తీయించి పెట్టే మనిషి.

వాడి అనుమతి తీసేశాను.

జూన్ 5

తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. 'ఆరో అధ్యాయం చూశాను, నేనెక్కడా లేను' అని మెసేజ్ మాత్రం పెట్టాను.

జూన్ 7

ఆదివారం. అధ్యాయం మళ్ళీ చదివాను, నాకు గుర్తున్న అసలు వాక్యాలు కాగితం మీద పెడదామని.

విలువ మాత్రమే ఇచ్చే పద్ధతికి: 'మావారికి నా సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చాను. దాని మీద టీ కప్పు పెట్టారు. అసలుది బీరువాలో శుభ్రంగా ఉంది.'

కొత్త భాషల పద్ధతికి: 'ఇంటి చిరునామా రాసిన చీటీకి జిరాక్స్ తీసి మావారికి ఇచ్చాను. ఆ ఇంటికి వెళ్ళి మంచాలు జరపగలరు. జరిపారు కూడా. కానీ తన చీటీ మీద ఇంకో ఇంటి చిరునామా రాసుకుంటే నా చీటీ మారదు.'

పేరు చొప్పున పిలిచే పాత పద్ధతికి: 'ఎన్నింటికి వస్తారని అడిగితే మావారు టైము చెప్పరు, లెక్క చెబుతారు. పని అయిన అరగంటకి అంటారు. అయిదింటికి అడిగితే ఒక జవాబు, ఏడింటికి అడిగితే ఇంకో జవాబు.'

అవసరం పడితేనే లెక్కకట్టే పద్ధతికి: 'అడిగేదాకా మావారు కదలరు. అడిగాక ఒక్కసారి లెక్కకట్టుకుని, ఇక ఎన్నిసార్లడిగినా అదే చెబుతారు.'

ఇంతే గుర్తొచ్చాయి. ముప్పై ఒకటిలో నాలుగైదు. పుస్తకం బయటికొస్తే చదివేవాళ్ళకి ఆ ఇంట్లో ఉన్నది ఒక వ్యక్తి. ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసినదానికి నా గురించి తను రాసింది ఈ ఒక్క అధ్యాయమే. ఉత్తరాలు రాసుకునే అవసరం మాకు రాలేదు.

జనవరిలో నాకు చదవమని ఇచ్చింది. చదివాను. బాగుందన్నాను.

జూన్ 9

ఆఫీసులో పక్క సీటు కళ్ళద్దాలాయన మళ్ళీ భుజం మీద చెయ్యివేశాడు. ధైర్యంగా ఉండాలట. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక ఫైలు ఎత్తి ఇచ్చాను. పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇక నుంచి అదే ఉపాయం.

ఆరో అధ్యాయం ఈ ఆఫీసు కథతోనే మొదలవుతుంది. తను ఇక్కడికి ట్రైనింగుకి వచ్చిన ఏడు, జలాశయం నీటిమట్టం లెక్కకట్టే నా ప్రోగ్రాం మూడు రోజులు తప్పుడు అంకెలు ఇచ్చింది. ప్రతి లైనూ చూశాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడో రోజు ఆ ట్రైనింగమ్మాయి, "ఒకటిని ప్రింట్ చేసి చూద్దామా సార్" అంది. ఒకటిని ప్రింట్ చేస్తే ఒకటి కాక ఏం వస్తుంది? నవ్వాను. గదిలో అందరూ నవ్వారు, నేను నవ్వాను కాబట్టి. ప్రింట్ చేసింది. రెండు వచ్చింది.

నేనే ఒక సబ్‌రొటీన్‌కి (ఫోర్ట్రాన్‌లో ప్రొసీజర్‌కి అదే పేరు) ఒకటి అనే అంకెను ఇచ్చాను. అది తనకి వచ్చినదానికి ఒకటి కలుపుతుంది. ఫోర్ట్రాన్ చిరునామానే ఇస్తుంది కదా. మెషీన్ ఒకటిని దాచుకున్న చోటే మారిపోయింది. ఆ తర్వాత ప్రోగ్రాంలో ఎక్కడ ఒకటి అని రాసినా రెండే.

తను దీన్ని పుస్తకంలో పూర్తిగా రాసింది. 'ఆ రోజు నవ్విన ఆయనే తర్వాత మావారు' అని కూడా రాసింది. ఇప్పుడక్కడ 'ఆ రోజు ఒక వ్యక్తి నవ్వాడు' అని ఉంది. తర్వాత వాక్యమే లేదు. ఆ అమ్మాయి ఎవరినీ పెళ్ళి చేసుకోలేదు.

జూన్ 11

పబ్లిషర్ ఆఫీసునుంచి ఎడిటర్ ఫోన్ చేసింది. చిన్నమ్మాయి గొంతు. ఫైలు ముప్పయ్యో తేదీకి అందకపోతే ఈ ఏడు కాలేజీలకి ఇంకో పుస్తకం వెళుతుందట, ఆ తర్వాత దీన్ని వేస్తారో లేదో చెప్పలేనంది. మేడమ్‌గారి తమ్ముడికి ఫైలు తెరుచుకోవడం లేదటండీ, మీ దగ్గరేమైనా ఇబ్బందా అని అడిగింది.

ఇబ్బంది నా దగ్గర లేదన్నాను.

జూన్ 12

జనవరిలో చదివాను. బాగుందన్నాను. వాడు ఆ రోజు ఇంట్లో లేడు కూడా.

జూన్ 14

అత్తగారు. నేను వాడి ఫోన్ ఎత్తడం లేదని కొడుకు ఆవిడచేత చేయించాడు.

ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మా అమ్మాయి పుస్తకంలో మీరెక్కడున్నారో వెతుక్కుంటున్నారట అల్లుడుగారూ."

అవునన్నాను.

"ఆసుపత్రిలో అది పక్కనే ఉంటే, మీరు పేపర్లో ఏం వెతుక్కున్నారు?"

పెట్టేసింది. ఎనభై ఏళ్ళావిడ. ఏం అంటాం.

నేను పేపరు చదివేవాణ్ణి. నిజమే. రోజూ పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా పక్కనే ఉండేవాణ్ణి, పేపరు చదివేవాణ్ణి. చదవకపోతే మొహం చూడాలి.

జూన్ 16

పదకొండింటికి కాలేజీకి వెళ్ళాను. స్టాఫ్ రూములో ఆరుగురున్నారు. బావమరిది వాళ్ళక్క కుర్చీలో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. కుర్చీ వెనకాల ఇంకా తన శాలువా వేలాడుతోంది.

నన్ను చూసి లేచాడు. "కూర్చో బావా."

"ఎవరి కుర్చీలో?"

ఎర్ర పెన్ను కింద పెట్టాడు. మిగతావాళ్ళు కాగితాల్లో తలలు దూర్చారు. ఆరో అధ్యాయం ముట్టుకున్నావా అని అడిగాను. ముట్టుకున్నానన్నాడు. రెండు పట్టికలు సరిచేశాడట, బొమ్మలకి నంబర్లు వేశాడట. తన పని అదే కదా అన్నాడు. మరి నన్నెందుకు తీసేశావన్నాను.

 పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"నువ్వు అడగడానికి వచ్చావా బావా, అనడానికి వచ్చావా?"

"దొంగని అడిగేదేముంది?"

 వాడి మొహం ఎర్రబడింది. నా కంటే పదేళ్ళు చిన్నవాడు, కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"అయితే వెళ్ళిరా" అని మళ్ళీ కూర్చుని, పైనున్న జవాబు పత్రం తీసి దిద్దడం మొదలుపెట్టాడు. దానికి ఎన్ని మార్కులు వేశాడో మరి.

జూన్ 17

అనాల్సింది అన్నాను. హాయిగా ఉంది.

జూన్ 18

హాయిగా ఏమీ లేదు.

జూన్ 20

రుజువు కావాలి. పబ్లిషర్‌కి పంపుతాను, కాలేజీ ప్రిన్సిపాల్‌కి పంపుతాను, అత్తగారికి ఫ్రేము కట్టించి ఇస్తాను. ఫైలుకి వెర్షన్ హిస్టరీ ఉంటుంది. ఎవరు ఏ రోజు ఏ మాట కొట్టేశారో రంగుల్లో చూపిస్తుంది. భోజనం అయ్యాక తెరిచాను.

మే నెలలో వాడి పేరుంది. రెండు పట్టికలు. బొమ్మలకి నంబర్లు. అంతే.

ముప్పై ఒక్క మార్పులూ ఒకేరోజు జరిగాయి. మార్చి 6, పది యాభై రెండు నుంచి పదకొండు ముప్పై ఒకటి దాకా. తన పేరుతో.

వాడికి తన పాస్‌వర్డ్ తెలిసే ఉంటుంది.

జూన్ 21

పాస్‌వర్డ్ వాడికి తెలిసినా, కొత్త చోట తెరిస్తే తన ఫోన్‌కి కోడ్ రావాలి. ఆ ఫోనూ, ల్యాప్‌టాప్ కూడా మార్చిలో ఆసుపత్రిలోనే ఉన్నాయి. పొద్దున పూట వాణ్ణి రానిచ్చేవాణ్ణి కాదు. ఇద్దరు కూర్చుంటే తను మాట్లాడి అలిసిపోతుందని సాయంత్రాలు రమ్మన్నాను. పొద్దున పూట గదిలో ఉండేది తను, నేను, పేపరు.

జూన్ 22

ఆఫీసుకి వెళ్ళలేదు.

జూన్ 23

జనవరిలో చదివాను. బాగుందన్నాను.

ఆ తర్వాత ఇంకో మాట అన్నాను.

తను వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అప్పటికి జుట్టు ఊడిపోయి తలకి గుడ్డ కట్టుకునేది. నేను కాగితాలు బల్లమీద పెట్టి బాగుందన్నాను. ఎక్కడ బాగుందని అడిగింది. ఆఫీసులో వాళ్ళంతా ఇది చదువుతారు, నేను వెర్రినవ్వు నవ్వానని ముప్పై ఏళ్ళ తర్వాత అచ్చులో చూస్తారు అన్నాను. అందులో తప్పేముంది, అందుకే కదా మనం ఇక్కడున్నాం అంది.

"నీకు రోగం వచ్చిందని నన్ను నలుగురిలో వెర్రివాణ్ణి చెయ్యక్కర్లేదు" అన్నాను.

అన్నాను. ఈ మాట నేను అన్నాను.

"సరే" అంది. కాగితాలు తీసుకుని లోపలికి వెళ్ళింది. మర్నాడు మామూలుగానే ఉంది. మామూలుగానే ఉందని అనుకున్నాను.

మార్చి 6. తేదీ చూశాక గుర్తొచ్చింది. భోజనాల బల్ల మంచం మీదికి జరిపించుకుని టైపు చేస్తోంది. సెలైన్ సూది ఉన్న చెయ్యి కదపకూడదని ఒక్క చేత్తోనే. ఉన్నట్టుండి అడిగింది.

"ఇక్కడ మీ బదులు ఎవరని రాయను?"

నేను పేపరు దించలేదు. "ఎవరో ఒకరని రాయి" అన్నాను.

ముప్పై తొమ్మిది నిమిషాలు పట్టింది తనకి. నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు పేపర్లో ఏముందో ఒక్క అక్షరం గుర్తులేదు.

జూన్ 24

ఒక్కసారి లెక్కకట్టుకుని ఎన్నిసార్లడిగినా అదే చెబుతారని తను రాసింది. ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. బాగుందన్నాను, బాగుందన్నాను, బాగుందన్నాను.

జూన్ 26

పాత వెర్షన్ అక్కడే ఉంది. ఒక్క బటన్ నొక్కితే ముప్పై ఒక్కసార్లు మావారు తిరిగి వస్తారు. రెండు రోజులు దాని మీద వేలు పెట్టి కూర్చున్నాను. నా మాట మీద తను తీసేసింది. తనని అడక్కుండా పెడితే అది కూడా నా మాటే అవుతుంది. అడుగుదామంటే తను లేదు.

కాలేజీకి వెళ్ళాను. పదకొండింటికే, ఆ ఆరుగురూ ఉండే వేళకే. వాడు ఈసారి లేవలేదు.

"చెప్పు" అన్నాడు. బావా అనలేదు.

"అడగడానికి వచ్చాను."

"ఏమని?"

ఆరుగురూ వింటున్నారు. పోయినసారి విన్నవాళ్ళే. ఇప్పుడు ఇది కూడా వాళ్ళే వినాలి.

"తీసేసింది నువ్వు కాదు. నేను అన్న మాటకి మీ అక్కే తీసేసింది. నిన్ను దొంగ అన్నాను, తప్పు నాది. నన్ను ఆ అధ్యాయంలో తిరిగి పెట్టవచ్చా అని అడగడానికి వచ్చాను."

 పక్క కుర్చీ కాలితో నా వైపు నెట్టాడు. వాళ్ళక్క కుర్చీ ఇవ్వలేదు. నేను దాంట్లో కూర్చోను కూడా.

"పొద్దున పూట నన్ను రానిచ్చేవాడివి కాదు" అన్నాడు. "నా అక్క అది. సాయంత్రం మిగిలిన ఆ గంట కోసం బస్సులు మారి వచ్చేవాణ్ణి. అప్పుడు చెప్పింది. మీ బావ తనంతట తను అడిగితే తిరిగి పెట్టు, అడగకపోతే వద్దు, నువ్వై ఆ మాట ఎత్తకు అని."

"దొంగ అన్నప్పుడైనా చెప్పొచ్చు కదా."

"అడగలేదుగా నువ్వు. అడగడానికి వచ్చావా అని అడిగాను కూడా." పెన్నుతో బల్ల మీద కొట్టాడు. "ఈ మూడు వారాల్లో నిన్ను ఎన్ని తిట్టుకున్నానో నీకు తెలీదు. ఇప్పుడు కూడా తిట్టుకుంటున్నాను."

తిట్టుకోమన్నాను.

పాత వెర్షన్ వెనక్కి తెస్తే కుదరదన్నాడు. మార్చి 6 తర్వాత కూడా తను ఆ అధ్యాయంలో రెండు వారాలు పనిచేసింది. మూడు ప్రోగ్రాముల్లో తప్పులు దిద్దింది, అవి పోతాయి. ఒక్కొక్కటీ చేత్తోనే మార్చాలి. సరే మార్చు అన్నాను.

"నేను మార్చను. ఆ మాట నా చేత్తో రాసేది కాదు. నువ్వే కూర్చుని మార్చు, ముప్పై ఒక్క చోట్లా." మళ్ళీ జవాబు పత్రాలు దగ్గరికి లాక్కున్నాడు. "ముందు నాకు తలుపు తియ్యి. తాళం వేసుకుని కూర్చున్నావు."

అక్కడే ఫోన్లో అనుమతి తిరిగి ఇచ్చాను. ఈసారి తెలిసే లింకు ఇచ్చాను, కాపీ కాదు.

జూన్ 27

పొద్దున తొమ్మిదింటికి నా అకౌంట్‌లోంచి మొదలుపెట్టాను. పాత వెర్షన్ ఒక పక్క, ఇప్పటిది ఒక పక్క.

ఒక్క మాట మార్చితే సరిపోదు. 'ఒక వ్యక్తి టీ కప్పు పెట్టాడు' అన్నచోట 'మావారు టీ కప్పు పెట్టారు' కావాలి. ప్రతి వాక్యం తోకా పట్టుకుని మార్చాలి. నన్ను నేనే ముప్పై ఒక్కసార్లు గౌరవించుకోవాలి. తను నన్ను ఎప్పుడూ మీరు అనే అంది. ఆ 'రు' ఇప్పుడు కొడుతుంటే వేళ్ళు ఆగిపోతున్నాయి.

పది దాటేసరికి ఆరు అయ్యాయి. మంచం జరిపింది నేను. టీ కప్పు పెట్టింది నేను. అరగంటకి వస్తానన్నది నేను.

మరో పద్ధతి ఉంది, అసలు గుర్తులేనిది. కాపీ తీసుకెళ్ళి, పని అంతా దాని మీద చేసి, తిరిగి వచ్చేటప్పుడు అసలు మీద ఎక్కించే పద్ధతి. 'మావారు ఏ మాటా అప్పటికప్పుడు ఒప్పుకోరు. తీసుకెళతారు. రెండు రోజులు ఏమీ మారనట్టే ఉంటారు. తర్వాత తిరిగొచ్చి ఒప్పుకుంటారు. మధ్యలో అడక్కూడదు.'

జనవరి నుంచి జూన్ దాకా. రెండు రోజులన్న లెక్క తనది. అంత ఓపిక పట్టలేకపోయింది, అంతే.

జూన్ 28

ముప్పై అయ్యాయి. చివరిది మొదటి పేజీలోది. కావాలనే ఆఖరికి ఉంచుకున్నాను.

'గదిలో అందరూ నవ్వారు. ముందు నవ్వింది ఆయన. ఆ రోజు నవ్విన ఆయనే తర్వాత మావారు.'

టైపు చేశాక దాని కింద ఇంకో వాక్యం చేర్చాను, జనవరిలో గుమ్మం దగ్గర నేనన్నది. అచ్చులో ఉండాల్సింది అదే అనిపించింది. చదివి చూసుకున్నాను. అది తను రాసింది కాదు. రాయగలిగి కూడా రాయలేదు. తీసేశాను. హిస్టరీలో ఎలాగూ ఉంటుంది, నా పేరుతో.

బావమరిదికి అయిందని మెసేజ్ పెట్టాను. 'చూశాను. నాలుగో చోట ఒత్తు పోయింది, దిద్దాను' అని జవాబిచ్చాడు. బావా అనలేదు.

జూన్ 30

ఫైలు వెళ్ళిందట. అత్తగారు చెప్పింది. వేరే ఏమీ మాట్లాడలేదు. పెట్టెయ్యనూ లేదు.

జూలై 3

ఆఫీసులో ఉండగా ఎడిటరమ్మాయి ఫోన్ చేసింది. కళ్ళద్దాలాయన ఎదురుగా కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు ఉన్నారు.

ఆరో అధ్యాయం చాలా బాగుందటండీ, పిల్లలకి బాగా అర్థమవుతుందట. ఒక్క సందేహం. వెనక పేజీలో రచయిత్రి పరిచయం వెయ్యాలి. లోపల ఇన్నిసార్లు 'మావారు' అని వస్తోంది, ఆయన ఎవరో ఏం చేస్తారో ఎక్కడా లేదు. ఎవరని రాయమంటారు అని అడిగింది.

ఎదుట పేపరుంది. మడిచి పక్కన పెట్టాను.

"నేనేనండీ" అన్నాను.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"అంటే ఆ రోజు నవ్వినాయన..."

గదిలో ముగ్గురూ తలెత్తి చూస్తున్నారు.

"ఆయనే" అన్నాను.